ఇంటి నంబరు 4-37

పోయిన వారం అనూహ్యను ఎల్లారెడ్డి బస్టాండు ముంగట, అన్న మల్లేష్ బండి వెనుక కూసోబెట్టి విడిచినం. మర్చిపోయినోళ్ల కోసం సంగతి రెండు ముక్కలల్ల చెప్తున్న, వినుండ్రి. హైదరాబాద్‌ల యూనివర్సిటీల జర్మన్ భాషతోని డిగ్రీ మూడో ఏడాది సదువుతున్న పిల్ల అనూహ్య. సెలవులకు ఇంటికొచ్చింది. ఆమె పెద్దమ్మ బిడ్డ వందన కామారెడ్డిల ఒక ప్రైవేటు దవాఖానల నర్సు. వందనతోపాటు ఇంకొంతమంది నర్సు పిల్లలను జర్మనీ పంపిస్తనని భూమేశ్ అనేటాయన ఒక ఆఫీసు తెరిచిండు. శనివారం పొద్దుగాల పదకొండింటికి తల్లిదండ్రులందరిని రమ్మన్నడు. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ దినమే అప్పజెప్పాలె, ఒంటిగంటకు కొరియర్ పోతదన్నడు. అంతవరకు ఏమో అనుకోవచ్చు. కని "మీ అనూహ్య చెల్లెను గూడ తోల్కరాండ్రి, జర్మనీ ఉత్తరం ఆమెనే సదివి చెప్తది" అని కబురంపిండు సూడుండ్రి, అక్కడ మొదలైంది ఆ పిల్లకు అనుమానం.

కాదా మరి? జర్మనీకి మనుషులను పంపే ఆఫీసుల జర్మన్ సదివేటోళ్లు ఒక్కలన్న లేరా? ఎల్లారెడ్డిల ఇంతకాలం ఆమె సదువు ఎవ్వలికి పట్టలే. "ఆ భాష సదివి ఏం జేస్తవే, జర్మన్ గిన్నెలు అమ్ముతవా?" అని నవ్విండ్రు. అసొంటిది ఒక్కసారి ఆమె సదువు మీద ఇంత ఇజ్జత్ యాడికెల్లి పుట్టింది?

ఇంకొకటి, మల్లేష్. ఎల్లారెడ్డిల వానిది జిరాక్సు, నెట్ దుకాణం. శనివారమంటే దుకాణంల ఊపిరి ఆడది. మంచినీళ్లు తాగనీకి గూడ లేవనోడు, ఆ దినం షట్టర్ సగం గుంజి "నేనే తీస్కపోత, బస్సెందుకు" అన్నడు. లింగంపేట కాడ చాయ్ తాగనీకి ఆపి, ఫోను ఒత్తుకుంటనే అన్నడు.

"సదువుమన్నది సదువు. లేనిపోని ప్రశ్నలు అడుగకు."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? పెద్దమనుషులు కూసుంటరు. యూనివర్సిటీ పిల్లనని ఎక్కువ జెయ్యకు."

ఆ మాట చెల్లె మొఖం జూడకుంట చెప్పిండు. చిన్నప్పటి సంది వాడు అబద్ధమాడితే గట్లనే చేస్తడు, పక్కకు జూస్తడు. అనూహ్య చాయ్ సగంల పెట్టేసింది.

కామారెడ్డిల పాత బస్టాండు దిక్కు, ఎరువుల దుకాణం మీద ఉన్నది ఆఫీసు. మెట్లెక్కుతుంటే పురుగుల మందు వాసన ముక్కుల కొట్టింది. మల్లేష్ పైకి రాలే, "బండి చూస్కుంట" అని కిందనే నిలబడ్డడు. లోపల ప్లాస్టిక్ కుర్చీలల్ల పది పన్నెండు మంది తల్లులు, తండ్రులు, బిడ్డలు. అందరి ఒళ్లల్ల సర్టిఫికెట్ల కవర్లు. గోడకు జర్మనీ జెండా. దాన్ని జూసి అనూహ్యకు నవ్వొచ్చింది, మరుక్షణంల ఆ నవ్వు గొంతుల్నే ఆగిపోయింది. నలుపు మీదికుండాలె, పసుపు కిందికి. ఈడ పసుపు మీదికి వెట్టిండ్రు. మొదటి ఏడాది మొదటి క్లాసుల నేర్పే ముచ్చట అది.

"రా బిడ్డా, రా," అని లేచిండు నర్సింహులు, వందన తండ్రి, అనూహ్యకు పెద్దబాపు. మహమ్మద్‌నగర్ దగ్గరి ఊరు ఆయనది. కాళ్లకు ఇంకా మడి బురద ఎండిపోయి ఉన్నది. "నిజాంసాగర్ నీళ్లిడిసిండ్రు, నాట్లు మీదున్నయ్. పెద్దమ్మను పొలంల నిలవెట్టి వచ్చిన. నాకు నువ్వు ఒక్క మాట జెప్పాలె. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. నాకు గీ భూమేశ్ తెల్వదు, నువ్వు తెలుసు."

ఆ మాట అనూహ్య నెత్తి మీద బరువు పెట్టినట్టయింది. పెద్దబాపు ఒళ్ల ఆకుపచ్చ కవర్, దాని మీద రెండు చేతులు. ఆ కవర్ల వందన నర్సింగ్ సదువంత ఉన్నది. పక్కన వందన కొత్త డ్రెస్సు ఏస్కొని, చెవిల చెప్పింది.

"అనూ, మంచిగ సదువు. సోమవారం దవాఖానల రాజీనామా ఇస్తున్న."

"గంత తొందరేందక్కా?"

"ముందు పోయినోళ్లకే ముందు సీటట."

అంతల భూమేశ్ వచ్చిండు. నలభై ఏండ్లుంటయి, షార్జాల పదేండ్లు పని చేసి వచ్చినాయన. ఇస్త్రీ తెల్లంగి, మెత్తటి మాట. ఎవ్వలినీ నొప్పియ్యనట్టు మాట్లాడుతడు.

"వచ్చినవా చెల్లె. మీ ఉమారాణి మేడం మంచిగున్నదా?"

అనూహ్య ఉలిక్కిపడి ఆయన దిక్కు జూసింది. ఉమారాణి మేడం ఆమెకు జర్మన్ చెప్పే లెక్చరర్. ఆ పేరు ఈయనకెట్ల తెలుసు? తను ఇంట్లనే ఆ పేరు ఎన్నడు ఎత్తలే. అమ్మకు గూడ "మేడం" అనుడే తెలుసు.

"మంచిగనే ఉన్నది," అన్నది, ఇంకేం అనాలెనో తోచక.

భూమేశ్ మందపు కాయితం చేతికిచ్చిండు. మీద రంగుల గుర్తు, కింద గుండ్రటి ముద్ర. "వందనమ్మకు వచ్చిన ఉత్తరం. తక్కినోళ్లయి గూడ గిట్లనే ఉంటయి. ముందు జర్మన్ల సదువు, ఆనంక తెలుగుల చెప్పు. అందరు వింటరు."

సదివింది. గొంతు సవరించుకొని, ఉమారాణి మేడం నేర్పినట్టు ఒక్కొక్క మాటను నోట్లె తిప్పి సదివింది. సదాశివనగర్ నుంచి బిడ్డతో వచ్చిన పర్శరాములు నోరు తెరిచి ఇంటున్నడు. "ఓయమ్మ, నీళ్లు తాగినట్టు సదువుతున్నది పోరి," అన్నడు పక్కాయనతోని.

ఔను, నీళ్లు తాగినట్టే పోతున్నది. అదే భయపెట్టింది ఆమెను.

జర్మనీ నుంచి వచ్చే అసలు కాయితమంటే ఎట్లుంటదో అనూహ్యకు తెలుసు. మేడం క్లాసుకు తెచ్చిచ్చేది, నిజం నోటీసులు, నిజం ఒప్పంద పత్రాలు. మూడో లైనుకే డిక్షనరీ కావాలె. ఒక్కొక్క పదం రైలు డబ్బాల లెక్క పొడుగుంటది. కని ఈ ఉత్తరంల ఆమెకు తెల్వని పదం ఒక్కటి లేదు. ఒక్కటంటె ఒక్కటి. ఆసుపత్రి పేరు గూడ యాడనో ఇన్నట్టే ఉన్నది. ఇంత పెద్ద ఆసుపత్రోడు ఎల్లారెడ్డి పిల్లకు అర్థమయ్యేటట్టు ఏరి ఏరి రాసిండా?

"బ్రున్నెన్‌టాలర్ ఆసుపత్రి మిమ్మల్ని సంతోషంగా ఆహ్వానిస్తున్నది..." అని తెలుగుల చెప్తుంటే, తర్వాతి లైను కంటికి రాకముందే నోటికొచ్చింది. ఆమె ఆగింది. మళ్ల కాయితం జూసింది. నోటికొచ్చిందే అక్కడున్నది.

కాయితం చివర్ల సన్నటి అక్షరాలల్ల ఆసుపత్రి చిరునామా ఉన్నది. వీధి పేరు గార్టెన్‌స్ట్రాసె. దాని పక్కన నంబరు, 4-37.

అనూహ్య ఆ నంబరు మీద వేలు పెట్టి మళ్ల సదివింది. నాలుగు, గీత, ముప్పై ఏడు. అది జర్మనీల ఏ ఆసుపత్రిదీ కాదు. ఎల్లారెడ్డిల వాళ్ల ఇంటి నంబరు.

రెండో ఏడాది దసరా సెలవులల్ల మేడం పని పెట్టింది. ఎవలికి వాళ్లు ఒక ఆసుపత్రినో, కంపెనీనో మనసులకెల్లి పుట్టించి, దాని పేరు మీద ఉద్యోగమిస్తున్నట్టు ఉత్తరం రాయాలె. అనూహ్య అన్న దుకాణంల కూసొని టైపు చేసింది. పుస్తకంల కనవడ్డ వీధి పేరు పెట్టింది. నంబరు కాడ చెయ్యి అలవాటు కొద్ది ఇంటి నంబరు కొట్టేసింది. చిన్నప్పటి సంది ఎన్ని దరఖాస్తులు నింపింది! ఇంటి నంబరంటే మనకు గీత లేకుంటే ఇల్లే కాదన్నట్టుంటది. మేడం దాని సుట్టు ఎర్ర పెన్నుతోని సున్న గీసి అన్నది. "అక్కడ వీధి పేరు, పక్కన ఒక్క నంబరు, అయిపోయింది. వార్డు, గీత, ఇల్లు, ఇది మన ఇంటిపన్ను రసీదు పద్ధతి. అనూహ్యా, నీ జర్మనీ ఎల్లారెడ్డి మున్సిపాలిటీల ఉన్నట్టుందే!" క్లాసంత నవ్వింది. ఆమె గూడ నవ్వింది. ఆ రాత్రే నంబరు దిద్ది మళ్ల ఇచ్చింది.

ఇప్పుడు ఎవ్వలు నవ్వుతలేరు. అనూహ్య మనసుల అనుకున్నది. ఈ ఉత్తరం నాది. నేను పుట్టించిన ఆసుపత్రి. నేను రాసిన మాటలు. మీద నా పేరున్న తావున మా అక్క పేరు పెట్టిండ్రు, అంతే.

దిద్దిన ఉత్తరం ఆమె ల్యాప్‌టాప్‌ల, ఫోన్ల ఉన్నది. దిద్దనిది ఉన్నది ఒక్కటే తావున. అన్న దుకాణంల, కిటికీ పక్కన కంప్యూటర్‌ల.

"ఆగినవేంది చెల్లె?" అన్నడు భూమేశ్.

"అన్నా, ఈ ఆసుపత్రి ఫోన్ నంబరియ్యి. మాట్లాడుత."

"ఇయ్యాల శనివారం గద. బందుంటది."

"దవాఖానకు శనివారం తాళమేస్తరా అన్నా?"

పర్శరాములు కిసుక్కున నవ్విండు. "మా సదాశివనగర్ల గూడ ఎయ్యరు," అన్నడు. నలుగురు నవ్విండ్రు. వందన మాత్రం చెల్లె దిక్కు కోపంగ జూసింది. భూమేశ్ గూడ నవ్విండు, అందరికన్న ఎక్కువ నవ్విండు. "హుషారు పిల్ల. లోపలికి రా చెల్లె, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం."

లోపలి అర్రకు అద్దం తలుపు. బయటోళ్లకు మనుషులు కనవడుతరు, మాట ఇనవడదు. భూమేశ్ కుర్చీ జరిపిండు, చాయ్ గ్లాసు ముంగట పెట్టిండు. మొఖం మీది నవ్వు తియ్యలే. బయటికెల్లి జూసేటోళ్లకు ఏదో మంచి ముచ్చట నడుస్తున్నట్టే ఉంటది.

"ఎప్పుడు గుర్తువట్టినవ్?" అన్నడు.

ఆ ఒక్క మాటతోని అనూహ్యకు ఉన్న కొద్ది పాటి ఆశ పోయింది. ఎక్కడో ఏదో పొరపాటు జరిగుంటదని, ఈయననే ఎవలో మోసం చేసి ఉంటరని ఇప్పటిదాక ఒక మూల అనుకుంటనే ఉన్నది.

"అది నా క్లాసు పని. నీ తానికెట్లొచ్చింది?"

"ఎట్లొస్తే ఏంది? మంచిగ రాసినవ్. నాకు నచ్చింది. నువ్వు సదివితే అందరు నమ్ముతరని, గుర్తువట్టినా నోరు తెరువవని పిలిపిచ్చిన." గొంతు ఇంకింత తగ్గించిండు. "ఇను. ఆ ఫైలు ఎవలు చేసిండ్రని కంప్యూటర్ల ఉంటది. నీ పేరుంటది, మీ మేడం పేరుంటది, తారీఖుంటది. నేను జర్మన్ సదువలే. నాకొక్క అక్షరం రాదు. ఈ కాయితం దొంగదని నువ్వు బయట చెప్పినవనుకో, పోలీసోళ్లు మొదలు అడిగేది ఎవలు రాసిండ్రని. ఆనంక మీ యూనివర్సిటోళ్లు అడుగుతరు. ఇంకొక్క ఏడాది గూడ లేదు గద నీ డిగ్రీకి?"

అనూహ్య చాయ్ గ్లాసు ముట్టలే.

"అవునని చెప్పు, అయిపాయె. ఈ పిల్లలకు జర్మన్ నేర్పే పని నీకే ఇస్త. కామారెడ్డిల పెద్ద పేరొస్తది నీకు."

"ఎవలిచ్చిండ్రు నీకు ఆ ఫైలు?"

"ఇంట్ల అడుగు," అన్నడు భూమేశ్, చాయ్ ఊదుకుంట.

అద్దంల నుంచి పెద్దబాపు కనవడ్డడు. కవర్ మీద చేతులు అట్లనే ఉన్నయి. ఈ దిక్కే జూస్తున్నడు, అనూహ్య కండ్లు కలువంగనే తల ఊపిండు, 'నిమ్మలంగ రా, తొందర లేదు' అన్నట్టు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. భయం గూడ అయింది, దాచుడెందుకు. మూడేండ్లు. హాస్టల్ల పొద్దున్నే లేచి అద్దం ముంగట నిలబడి నోరు తిప్పిన మూడేండ్లు. ఊరంత నవ్వినా ఇడువని సదువు. అది పోతదేమో. అన్న జైలుకు పోతడేమో. నోరు మూసుకుంటే మాత్రం ఈ కుర్చీలల్ల కూసున్నోళ్ల బిడ్డల బతుకులు పోతయి, తన గొంతు మీద నమ్మి.

లేచింది. తలుపు తీసింది. భూమేశ్ "చెల్లె" అన్నడు, ఈసారి మెత్తగ అనలే.

"అందరు ఇనుండ్రి," అన్నది అనూహ్య. "మీ కవర్లు ఎవ్వలికీ ఇయ్యకుండ్రి. ఈ ఆసుపత్రి లేదు. ఈ ఉత్తరం నేను రాసిన."

ఒక్క క్షణం ఎవ్వలికీ అర్థం కాలే.

"నువ్వు రాసినవా?" అన్నడు పర్శరాములు.

"రెండో ఏడాదిల, క్లాసుల నేర్చుకోనీకి రాసిన. ఉత్తుత్త ఆసుపత్రి. దీని కింద నంబరు జూడుండ్రి, 4-37. ఎల్లారెడ్డిల మా ఇంటి నంబరది. జర్మనీల ఇండ్లకు గిట్ల వార్డు, గీత పెట్టి నంబర్లుండయి. నాకు అప్పుడు తెల్వక పెట్టిన. ఈయనకు ఇప్పటికీ తెల్వక ఇడిసిపెట్టిండు." ఫోన్ తీసింది, దిద్దిన ఉత్తరం తెరిచింది. "ఇగో, నా తాన ఉన్నది. రెండు పక్కపక్కన పెట్టి జూడుండ్రి, భాష రాకున్న అక్షరాలు ఒకటేనా కాదా తెలుస్తది."

పర్శరాములు ఫోన్ గుంజుకున్నట్టే తీసుకున్నడు. కాయితం మీద వేలు పెట్టి, ఫోన్ మీద వేలు పెట్టి, ఒక్కొక్క లైను జూసిండు. నాలుగో లైనుకు ఆగిండు. బిడ్డ చెయ్యి పట్టుకొని, "లే," అన్నడు. ఆ ఒక్క మాటకు కుర్చీలన్ని లేచినయ్. ఒకాయన భూమేశ్ తలుపు కాడికి ఉరికిండు, తలుపు లోపలికెల్లి గడియ పెట్టి ఉన్నది. లోపల భూమేశ్ ఫోన్ చెవికి పెట్టుకొని, వీళ్లకు వీపు చేసి, నిమ్మలంగ మాట్లాడుతనే ఉన్నడు.

నర్సింహులు లేవలే.

"నువ్వు రాసింది గీయన తానికెట్ల వచ్చింది బిడ్డా?" అన్నడు.

అనూహ్యకు జవాబు తెలుసు. నోటిదాక వచ్చింది. అన్న పేరు ఎట్ల చెప్తది? తల ఒంచుకున్నది.

"కుళ్లు," అన్నది వందన. కండ్ల నిండ నీళ్లు. "నేను నీకంటె ముందు పోతనని కుళ్లు నీకు. జర్మనీ అంటే నీ ఒక్కదాని సొత్తా?"

"అక్కా, నా మాట ఇను..."

"ఇనను!"

"వందనా, నోరు ముయ్యి," అన్నడు నర్సింహులు. ఆకుపచ్చ కవర్ అనూహ్య చేతుల పెట్టిండు. "నువ్వు జూడు. అన్ని సక్కగున్నయా? ఒక్క కాయితం గూడ ఈడ ఉండొద్దు."

కాయితాలు బయటికి తీసింది. జిరాక్సు దుకాణమున్న ఇంట్ల పెరిగిన పిల్ల. చూపుడు వేలు తాకంగనే తెలిసిపోయింది. అయినా ఒకటి తిప్పింది, ఇంకొకటి తిప్పింది. ఊదా రంగుల ఉండాల్సిన ముద్రలన్ని నల్లగున్నయి. సంతకాలు నల్లగున్నయి. బొటనవేలుతోని గట్టిగ రుద్దింది, వేలుకు మసి అంటింది.

"అక్కా," అన్నది, చిన్నగ. "ఇవి జిరాక్సులు. ఒరిజినల్స్ యాడున్నయ్?"

వందన ఏడుపు ఆగిపోయింది. తండ్రి దిక్కు జూసింది, నేల దిక్కు జూసింది.

"చెప్పు," అన్నడు నర్సింహులు.

"పది దినాల కిందనే ఇచ్చిన బాపు. నువ్వు ఒప్పుకోవేమోనని నీకు జిరాక్సులు పెట్టిన. ముందు ఇచ్చినోళ్లకే సీటన్నడు."

"ఎవలికిచ్చినవ్? గీ భూమేశ్‌కేనా?"

"కాదు. మల్లేష్ అన్నకు." వందన మొఖం లేపి అనూహ్యను జూసింది. "నువ్వే తెమ్మన్నవని చెప్పిండు గద. నువ్వు మొదలు ఒకసారి చూస్తనన్నవట. నీ పేరు చెప్తేనే ఇచ్చిన, లేకుంటే ఇద్దునా?"

నర్సింహులు మెల్లగ లేచి నిలబడ్డడు. ఇందాకటి దాక ఆ మనిషి కండ్లల్ల ఉన్న నమ్మకం ఇప్పుడు లేదు. ఉత్తరం రాసింది ఈ పిల్లనే. కాయితాలు అడిగింది ఈ పిల్ల పేరు మీదనే. ఆయన ఉత్తగ జూసిండు. ఆ చూపు అనూహ్య తట్టుకోలేకపోయింది.

మెట్లు రెండేసి దిగింది. కింద, ఎరువుల బస్తాల పక్కన, బండికి ఆనుకొని నిలబడ్డడు మల్లేష్. మీదికెల్లి జనం తిట్టుకుంట దిగుతుంటే జూస్తున్నడు, కని ఏమైందని ఎవ్వలినీ అడుగుతలేడు. అప్పుడే వాని ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

అనూహ్య ఎదురుంగ పోయి నిలబడ్డది.

"అన్నా, వందనక్క సర్టిఫికెట్లు యాడున్నయ్?"

ఏ సర్టిఫికెట్లు అనలే వాడు. నాకేం తెలుసు అనలే. చెల్లె మొఖంల మొఖం పెట్టి, ఈసారి పక్కకు జూడకుంటనే అడిగిండు.

"పైన నా పేరు ఎవలెవలికి చెప్పినవ్?"